వెన్న వాసన వచ్చిన బీరు

నేను బీరు తాగి దాని గురించి రాస్తాను. ఈ మాట మా మేనత్త దగ్గర అంటే చెవులు మూసుకుంటుంది. పగలంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల కాగితాలు చూసే ఉద్యోగం. సాయంత్రాలూ సెలవు దినాలూ ఊళ్ళోకి కొత్తగా వచ్చిన బీర్లు రుచి చూసి, ఇంటర్నెట్‌లో నాదంటూ ఉన్న పేజీలో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసుకోవడం. బెంగళూరులో అక్కడికక్కడే బీరు కాచి అమ్మే పబ్బులు వీధికొకటి వెలిశాక నాలాంటివాళ్ళు కూడా వీధికొకరు వెలిశారు. కాస్త పేరొచ్చింది. ఆ కాస్తే నెత్తికెక్కింది.

నా పొగరు ఎలాంటిదో ముందే చెప్పుకోవాలి. మిగతావాళ్ళు గ్లాసు మూతి దగ్గర పెట్టుకోగానే గ్రేప్‌ఫ్రూట్ అనీ, పైన్ చెట్టు జిగురు అనీ రాసేస్తారు. ఒరే నాయనా, పైన్ చెట్టును నువ్వెప్పుడు వాసన చూశావు? బెంగళూరు పాత పేటలో పుట్టి పెరిగిన నేను గ్రేప్‌ఫ్రూట్ అనే పండును ఈ జన్మలో ముట్టుకోలేదు. నాకు తెలిసిన వాసనలే రాస్తానని మొండిపట్టు పట్టాను. దబ్బకాయ తొక్క, పచ్చిమామిడి జీడి, వాన వెలిశాక వేపచెట్టు, కొత్త గోనెసంచి. జనం మెచ్చుకున్నారు. తెలిసిన పెద్దాయన ఒకరు, బీరులో రాకూడని వాసనల పట్టిక ఒకటి పంపి చదువుకోమన్నారు. ముక్కుకు సిలబస్ ఏమిటండీ అని నవ్వి, దాన్ని తెరవనే లేదు.

నా స్నేహితుడొకడు వర్తూరు వైపు ఒక పబ్బులో బీరు కాచేవాడు. దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల ఇంటి బిడ్డ. మా ఇంట్లోలాగే లోపల తెలుగు, గడప దాటితే కన్నడం. పీపాలు కడిగే పనిలో చేరాడు. పదకొండేళ్ళు ఎవరో రాసిచ్చిన కొలతలతో ఎవరి బీరో కాచాడు. పోయినేడు అక్కడి పెద్ద బ్రూవర్ మానేశాక, తనదంటూ ఒక బీరు కాస్తానని యజమాని వెంటపడి ఒక్క ట్యాంకు సంపాదించాడు. బాగా కుదిరితే పెద్ద బ్రూవర్‌వి నువ్వే, కుదరకపోతే పూణె నుంచి వచ్చే సలహాదారు ఎవరినో ఒకరిని చూసిపెడతాడు, నీ దారి నువ్వు చూసుకో అని యజమాని ముఖం మీదే చెప్పాడట.

వాడు కాచింది డబుల్ ఐపీఏ. మామూలు బీరు కన్నా ఘాటు, చేదూ ఎక్కువే. ఎనిమిది శాతం ఆల్కహాలు. హాప్స్ విపరీతంగా వేస్తారు. హాప్స్ అంటే ఒక తీగకు పూసే పువ్వు. ఎండబెట్టి, పొడి చేసి, గుళికలు కట్టి సంచుల్లో పంపుతారు. చూస్తే పశువుల దాణా అనుకుంటారు. ఆ చేదూ, ఆ పచ్చటి వాసనా దానివే.

ఒక గురువారం మధ్యాహ్నం పబ్బుకు రమ్మన్నాడు. కుర్చీలు ఇంకా బల్లల మీద బోర్లించే ఉన్నాయి. ట్యాంకు నుంచి ఒక సీసాలోకి బీరు పట్టి, మూత బిగించి నా చేతిలో పెట్టాడు. ఇవ్వగానే వదల్లేదు, కాసేపు తను కూడా పట్టుకునే నిలబడ్డాడు.

"నా ముక్కుకు ఒక వాసన తెలీదప్పా. పుట్టుకే అట్ల. పని నేర్చుకునేటప్పుడు సీసాలు పెట్టి చూస్తిరి. అందరికీ తెలిసె, నాకు తెలియలేదు. ఇన్ని దినాలు పక్కన ఇంగొకడు ఉండె, వాడు చూసి చెప్తా ఉండె. ఇప్పుడు వాడూ లేడు."

ఏ వాసన అని అడిగాను. చెప్పలేదు. వాళ్ళ పనిలో అదొక ఆచారం. రుచి చూసేవాడికి ముందుగా పేరు చెప్పకూడదు, చెబితే లేనిది కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. సుమ్నే, ఊరికే తాగు, ఏమీ ఆలోచించొద్దు అన్నాడు. ఏదైనా తేడాగా తగిలితే రేపు పొద్దున పదకొండులోపల ఫోన్ చెయ్యాలి. పన్నెండుకు ట్యాప్ తెరిచి అమ్మకం మొదలుపెడతారు. ఏ తేడా లేకపోతే ఫోన్ అక్కరలేదు. యజమాని తొందరపెడుతున్నాడనీ, ఇంకో నాలుగు రోజులు ఉంచితే మంచిదనీ, నేను తేడా ఉందంటే ఆ మాట పట్టుకుని ఆపగలననీ చెప్పాడు. తన ముక్కు సంగతి మాత్రం యజమానికి తెలియకూడదని రెండుసార్లు చెప్పాడు. నేను వాడి భుజం తట్టాను. నా ముక్కు మీద నాకు అంత నమ్మకం.

ఇల్లు చేరేసరికి వాన. రుచి చూసే రోజు నాకు కొన్ని నియమాలుంటాయి. మధ్యాహ్నం నుంచి కాఫీ లేదు, ఉల్లిపాయ లేదు. గ్లాసు వేణ్ణీళ్ళతో కడిగి, తుడవకుండా ఆరబెట్టాలి. పక్కన మంచినీళ్ళూ, గుప్పెడు ఉత్త బొరుగులూ. నాలుక మీద చేదు పేరుకుపోతే బొరుగులు లాగేస్తాయి. బీరు పోశాను. పాతబడిన తేనె రంగు, కొంచెం మసక. నురుగు దట్టంగా లేచి అంచు పట్టుకుని నిలబడింది. ఈ రకం బీరు మరీ చల్లగా ఉంటే ముక్కుకు ఏమీ ఇవ్వదు. పది నిమిషాలు ఆగాను.

మొదటిసారి ముక్కు పెడితే ఆకుపచ్చ వాసన, గుప్పిట్లో ఆకు నలిపినట్టు. రెండోసారి పెడితే దాని వెనక ఇంకేదో వచ్చింది. గ్లాసు కింద పెట్టేశాను. మా ఇంట్లో వెన్న కాచేటప్పుడు, నెయ్యి తేలే చివరి నిమిషంలో అమ్మ గుప్పెడు మునగాకు వేసేది. ఆకు చిటపటలాడి ఒక వాసన లేచేది. అదే. అచ్చంగా అదే.

అమ్మ పోయి అప్పటికి పది నెలలు. ఆవిడతోనే ఇంట్లో వెన్న కాచడం పోయింది. పొట్లం నెయ్యి తెచ్చుకుంటున్నాం, దానికి వాసనే ఉండదు. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఏడ్చాను. ఇంత చేదు, ఇంత ఘాటు బీరు మధ్యలో అమ్మ వంటిల్లు ఎలా వచ్చి కూర్చుందో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. తాగాను. చేదు నాలుక మొదట్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. దాని మీద పలచగా వెన్న పూసినట్టు ఒక నునుపు. గొంతు దిగాక ఛాతీలో వెచ్చదనం. సీసా ఖాళీ అయ్యేవరకూ లేవలేదు.

అదే ఊపులో ఫోన్‌లో రాసేశాను. చిత్తు ప్రతి లేదు, దిద్దుబాటు లేదు. వెన్న గురించి రాశాను, మునగాకు గురించి రాశాను, అమ్మ గురించి రాశాను. ఈ ఊళ్ళో నేను తాగిన బీర్లలో నన్ను ఇంటికి తీసుకెళ్ళింది ఇదొక్కటే అని రాశాను. పొద్దున ఎనిమిదికి పేజీలో పెట్టాను. వాడికి ఫోన్ చెయ్యాలన్న ఆలోచనే రాలేదు. తేడా ఏముందని చెయ్యాలి? వాడే చూసుకుని మురిసిపోతాడులే అనుకున్నాను.

నా పేజీని సంబరంగా పదిమందికీ పంపింది ఆ యజమానే. పంపినవాళ్ళలో పూణె సలహాదారు ఒకడు. బీరులో వెన్న వాసన అంటే కాచేవాళ్ళకు పాలు విరిగినట్టే లెక్కట. హాప్స్ అంత దండిగా వేస్తే బీరును పులియబెట్టే ఈస్టు మళ్ళీ ఒకసారి మేలుకుని ఆ వాసన పుట్టిస్తుంది. మూడు నాలుగు రోజులు వెచ్చగా ఉంచితే తనే దాన్ని తినేస్తుంది. ఉంచకుండా పట్టేశారు. ట్యాంకు ఎవరు చూశారు అని ఆ సలహాదారు ఒక్క ముక్క అడిగాడట. సాయంత్రానికి బల్లల మీద సగం తాగి వదిలేసిన గ్లాసులు మిగిలాయి. శనివారం ట్యాంకు మొత్తం కాలువలోకి వదిలేశారు. సోమవారం నుంచి వాణ్ణి రావద్దన్నారు.

ఇదంతా నాకు ఎలా తెలిసిందంటే, నా పేజీ కింద జనం రాసిన మాటల్లోనే తెలిసింది. ఈయనగారు బీరుకు నెయ్యి తాలింపు పెట్టుకుంటారేమో అని ఒకడు. తప్పును పట్టుకుని ఏడ్చిన మొదటి విమర్శకుడు అని ఇంకొకడు. పెద్దాయన పంపిన పట్టిక అప్పుడు తెరిచాను. మూడో వరసలోనే ఉంది వెన్న. తల కొట్టేసినట్టయింది. మరో ఆలోచన లేకుండా రాసిందంతా చెరిపేశాను. స్నేహితుడి తప్పు పదిమంది నోళ్ళలో నానకూడదని చెరిపానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా పరువు కోసం చెరిపాను.

వాడికి ఫోన్ చెయ్యడానికి నాలుగు వారాలు పట్టింది. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ కంపెనీలో జీన్స్ ఉతికే యంత్రాల దగ్గర చేరాడని తెలిసి, మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్ళాను. గేటు ఎదురుగా టీ అంగడి. వాడి చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. ఒక మాట అంటాడని, తిడతాడని సిద్ధపడి వెళ్ళాను. టీ చెప్పి, మా ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. నాకది తిట్టుకన్నా కష్టంగా ఉంది. తప్పంతా నాదేననీ, నాకు తెలియకపోవడమే కాదు, తెలుసనుకోవడం అసలు తప్పనీ, ఆ పొద్దున ఒక్క ఫోన్ చేసి ఉంటే నువ్వు ఆపేవాడివనీ గబగబా చెప్పేశాను.

వాడు టీ ఊదుకుంటూ విన్నాడు.

"నువ్వు రాసింది ఎనిమిదిన్నరకే చదివితినప్పా. వెన్న అనే మాట చూస్తానే తెలిసిపాయె."

మరి ట్యాప్ ఎందుకు తెరిచావని అడిగాను.

"ఆపుదామనే పోతి. ట్యాంకు పక్కన నిలబడి ఇంగోసారి చదివితి. పదకొండేళ్ళలో నా చేతి పని గురించి ఎవురూ ఒక మాట రాయలేదు. నేను కాచింది తాగి ఒక మనిషి వాళ్ళమ్మను తలుచుకుని ఏడ్చినాడంట. అది తప్పు బీరని నా నోటితో నేనే ఎట్ల చెప్పేది? చెయ్యి రాలేదప్పా."

హోసూరు రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. వాడు ఫోన్ తీసి, నా పేజీ తెరిచి నాకు చూపించాడు. ఆ రాసింది ఎంత వెతికినా కనపడలేదన్నాడు. పెళ్ళాం ఇంకా చదవలేదట, చూపిస్తానని మాటిచ్చాడట.

"నీ దగ్గర ఉంటాది కదా. పంపీప్పా."

చెరిపేశానని చెప్పాను. ఇంకెక్కడా లేదని కూడా చెప్పాను. ఎందుకని వాడు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. గ్లాసు బల్ల మీద పెట్టి, నాకేసి తిరిగి కూర్చుని, అయితే గుర్తున్నంత వరకు నోటితో చెప్పమన్నాడు. ఇంటికి పోయి ఆమెకు తను చెప్పుకుంటాడట.

మొదలుపెట్టాను. పాతబడిన తేనె రంగు అన్నాను. నురుగు అంచు పట్టుకుని నిలబడింది అన్నాను. ఆ తరవాత వెన్న గురించీ అమ్మ గురించీ రాశానని తెలుసు గానీ, ఏ మాట వెనక ఏ మాట రాశానో, వాడు అంతసేపు ట్యాంకు పక్కన నిలబడి చదివింది ఏమిటో, నాకు ఒక్కటి కూడా రాలేదు. వాడు కదలకుండా చూస్తున్నాడు. చాలా బాగుందని రాశాను అన్నాను.

"అంతేనా?" అన్నాడు.

అంతే అన్నాను.