ఊడ్పులకు పిలుపు రాని ఏడు

తెనాలిలో రేపల్లె బస్సెక్కితే చాలు, పక్క సీట్లో ఎవరో ఒక పెద్దమ్మ మోకాళ్ళకు రాసుకున్న నొప్పుల తైలం వాసన ముక్కుకు తగులుతుంది. మా ఊరు భట్టిప్రోలుకు ఆవల, కాలువ పక్కన. నేను ఐదో తరగతి చదివిన ఏడు వానాకాలం పొడుగునా ఊరు ఊరంతా ఆ వాసనే.

అంతకుముందు వానాకాలమంటే వేరే వాసనలు. కాలువకు నీళ్ళొదిలారన్న కబురు రాగానే దమ్ము చేసిన చేల బురద వాసన, తడి నారుకట్టల పచ్చి వాసన, గట్టు మీద విప్పిన గిన్నెల్లో చద్దన్నం, ఆవకాయ వాసన, పీతల కోసం బొరియల్లో పెట్టిన మా చేతులను ఎంత కడిగినా వదలని వాసన. మా అమ్మ కరుణమ్మ పద్నాలుగు మంది ఆడవాళ్ళ ఊడ్పుల ముఠాకు పెద్ద. రైతులు ముందుగానే మా ఇంటికి వచ్చి తమలపాకులు, వక్క ఇచ్చేవాళ్ళు. అమ్మ అవి అందుకుందంటే ఆ చేను నాటి తీరాల్సిందే. వెళితే పద్నాలుగు మందీ వెళ్ళాలి, లేకపోతే ఒక్కరూ వెళ్ళకూడదు. ఒక మడి అయ్యాక అమ్మ నడుం నిలబెట్టి వెనక్కి చూసి, "ఎవత్తే ఆ వంకర పెట్టింది?" అని అరిస్తే అందరూ ఒకళ్ళనొకళ్ళు చూపించుకుని నవ్వేవాళ్ళు. ఆఖరి రోజున రైతు ఇంటి నుంచి గారెలు, పరవాన్నం వచ్చేవి. పంట కోశాక చర్చిలో కోతపండుగకు, తను నాటిన చేలోంచి ఒక పన, అంటే ఒక వరికట్ట, అడిగి తెచ్చి, సొంత పొలం పంటలాగా ప్రభువు బల్ల ముందు పెట్టేది అమ్మ. మాకు సెంటు భూమి లేదు.

ఆ ఏడు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో తగ్గేది, కీళ్ళను మాత్రం నెలల తరబడి వదిలేది కాదు. పేరులో 'చికెన్' అని వినపడుతోందని కోడిమాంసం కొట్ల వైపు ఎవరూ పోలేదు. తెనాలిలో టైలర్లు మిషను తొక్కలేక కొట్లు మూశారు, మంగలి బాబాయ్ చేతిలో కత్తెర నిలవలేదు, వాడరేవులో వల లాగేవాళ్ళు లేక పడవలు ఇసుకలోనే ఉండిపోయాయని చేపలమ్మే పిన్ని ఖాళీ గంపతో వచ్చి చెప్పింది. మా ముఠాలో పద్నాలుగు మందికి, అమ్మతో సహా, పదకొండు మంది మంచం పట్టారు. గోడ పట్టుకుంటే గానీ లేవలేని మనుషులు రోజంతా వంగి ఏం నాటుతారు?

అప్పటికే అమ్మ సుబ్బయ్య బాబాయ్ దగ్గర ఆకులు తీసుకుని ఉంది. ఆయన కౌలు రైతు. వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

"నారు ముదిరిపోతందమ్మా. ఈ వారం దాటితే ఇంక చేను బీడే."

అమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "జల్లేద్దాం బాబాయ్. మా పుట్టింటి కాడ పిట్టలవానిపాలెంలో కాలవ ఆలీసమైతే ఒడ్లు నానేసి మొలక కట్టి చేలో జల్లేత్తారు, ఇంక నాటే పనే ఉండదు. నే చెప్తాగా," అంది.

మూడో రోజున ఆమెను రిక్షాలో తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టాం. కాళ్ళు చాపుకుని, "నీళ్ళు ఇంకా తీసెయ్యి, గుప్పెట అంత బిగించమాక, వదులుగా ఇసురు," అని ఒక్కొక్కటీ చెప్పింది. వినడానికి చుట్టుపక్కల రైతులూ వచ్చారు. ముఠాలో అచ్చమ్మ పెద్దమ్మ మాత్రం, "కూర్చున్న కొమ్మ నరుక్కుంటన్నావే," అని ఏడ్చింది. అమ్మ రైతుల వైపు తిరిగి చెబుతూనే ఉంది.

పంట బాగా పండింది, అదే వచ్చిన చిక్కు. కోతపండుగకు బాబాయే స్వయంగా పన తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

మరుసటి ఏటికి జ్వరం పోయింది. టైలర్లు మళ్ళీ మిషన్లు తొక్కారు, కోడి కొట్లు తెరుచుకున్నాయి, పడవలు సముద్రంలోకి వెళ్ళాయి. అమ్మ కీళ్ళూ సర్దుకున్నాయి. కాలువకు నీళ్ళొచ్చిన వారానికి బాబాయ్ ఉత్త చేతులతో వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఈ ఏడు కూడా జల్లేద్దామనుకుంటన్నానమ్మా."

"మంచిదేగా బాబాయ్," అంది అమ్మ. ఆయన మీద కన్నా ఆమె మీదే నాకు కోపమొచ్చింది. ఆ ఏడు ఆకులు పట్టుకుని ఇంకే రైతూ రాలేదు, అందరూ జల్లుకున్నారు. రెండేళ్ళకు ముఠా చెదిరిపోయింది. కొందరు గుంటూరు మిరపకాయల పనికి, కొందరు రేపల్లెలో రొయ్యలు వలిచే పనికి వెళ్ళారు. అమ్మ తెనాలిలో ఒక హోటల్లో గిన్నెలు కడిగి మమ్మల్ని చదివించింది.

నేనిప్పుడు టీచర్ని, అమ్మ నా దగ్గరే ఉంటుంది. బస్సు కిటికీలోంచి చూస్తే చేలు పచ్చగానే ఉంటాయి. వరసలు లేవు, ఊడ్పుల పాటలు లేవు, గట్ల మీద గిన్నెలు లేవు. మా బళ్ళో పిల్లలకు ఊడ్పులంటే ఏంటో తెలియదు, చెప్పే ఓపిక కూడా నాకు ఉండటం లేదు.

మొన్న ఆగలేక అడిగాను. "నువ్వా రోజు నోరు మూసుకునుంటే ఇంకో పదేళ్ళన్నా పని ఉండేది కదమ్మా?"

అమ్మ నా వైపు వింతగా చూసింది. "ఏంటే ఆ మాటలు? చేను బీడు పడితే సుబ్బయ్య బాబాయ్ పిల్లలు ముగ్గురూ ఏం తింటారనుకున్నావ్?"

అమ్మకు మేమూ ముగ్గురం పిల్లలమే.