మూడో దెబ్బ మింగే ఇంజను

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో మాకు లేనిది జీతం ఒక్కటే. తీరికకీ ఆశయాలకీ ఏ లోటూ ఉండేది కాదు. నా ఆశయం బ్యాంకు పరీక్ష. మా మేనమామ కొడుకుది, అంటే మా బావది, డ్రమ్ అండ్ బేస్ అనే రకం సంగీతంలో ఒక ఆల్బమ్ చెయ్యడం. అప్పటికి చోడవరం మొత్తం మీద ఆ సంగీతం పేరు తెలిసినవాడు బావ ఒక్కడే; అతను చెప్పాక నేను రెండోవాణ్ణి. "డ్రమ్ములు పరిగెడతాయిరా, కింద బేసు మెల్లగా నడుస్తాది. రెండూ ఒకేపాలి ఇనాల" అనేవాడు. అర్థమైనట్టు తలూపేవాణ్ణి (బ్యాంకు పరీక్షకి కూడా ఇలాగే చదివాను).

ఆల్బమ్ కోసం బావ వాయిద్యాలేవీ కొనలేదు. మామయ్య చెరకు గానుగే అతనికి వాయిద్యాల కొట్టు. పెనంలో పాకం బుడబుడలాడే చప్పుడు బేసు అయింది. బెల్లం దిమ్మని గోనె మీద దించిన చప్పుడు డ్రమ్ము అయింది. వీటన్నిటికీ తాళం ఇచ్చింది మాత్రం గానుగని తిప్పే పాత డీజిలు ఇంజను. అది రెండు దెబ్బలు సరిగ్గా కొట్టి, మూడోది మింగేసేది. మెకానిక్కులందరూ జబ్బన్న ఆ కుంటినడకని బావ కంప్యూటర్లో పెట్టి రెట్టింపు వేగంతో పరిగెత్తిస్తే, అది కాస్తా గంతులేసింది. మా వంశంలో ఇంత తెలివి ఎలా పుట్టిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే. నా పని పెనం దగ్గర మైకు పట్టుకోవడం. ఒకసారి పాకం చుక్క ఎగిరి పాదం మీద పడితే "ఓలమ్మో!" అని నేను పెట్టిన కేకే ఆల్బమ్ మొత్తానికీ ఏకైక గానం (గాయకుడిగా నా జీవితం అక్కడే మొదలై అక్కడే ముగిసింది).

ఇంతలో మామయ్య గానుగకి కరెంటు మోటారు బిగించి, ఇంజనుని రావికమతం రైతు ఒకాయనకి అమ్మేశాడు. బావకి అనకాపల్లిలో సిమెంటు కొట్లో పని కూడా మాట్లాడేశాడు. బావ కాళ్ళావేళ్ళా పడితే అత్తయ్య రాయబారం నడిపి ఒప్పందం కుదిర్చింది. మామయ్య ఆల్బమ్ ఒకసారి వింటాడు. బాగుందంటే సరే, లేకపోతే సోమవారం నుంచి సిమెంటు.

ఆదివారం భోజనాలయ్యాక వసారాలో స్పీకర్లు పెట్టాం. మొదటి పాటకి మామయ్య ఆవలించాడు. రెండో పాటలో నా కేక వచ్చింది.

"ఆ ఏడుస్తన్నోడు ఎవడ్రా?"

"నేనే మావా."

"పాపం" అన్నాడు. బావ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మూడో పాటలో డ్రమ్ములన్నీ ఆగిపోయి, ఇంజను ఒక్కటీ దాని అసలు నడకతో మొదలైంది. మామయ్య దిగ్గున లేచాడు. "ఒసే, ఆ రావికమతపోడు ఇంజను ఎనక్కి తెచ్చేసేడే! నన్నడక్కుండా తిప్పేస్తన్నాడు, సూడు!" అంటూ లుంగీ ఎగ్గట్టి, ఇంటి వెనకున్న గానుగశాలకి పరుగు తీశాడు. మేం ఎంత పిలిచినా వింటేనా!

అక్కడ ఎవరూ లేరు కాబట్టి వగర్చుకుంటూ తిరిగొచ్చాడు. "ఏదిరా ఇంజను?" అన్నాడు. బావ భయంభయంగా స్పీకరు చూపించాడు. మామయ్య దాని ముందు చతికిలబడి, "మళ్ళీ ఎయ్యి" అన్నాడు. వింటూ మోకాలి మీద చేత్తో తాళం వేశాడు. మూడో దెబ్బ దగ్గర చెయ్యి గాలిలోనే ఆపాడు, ఒక్కసారీ తప్పలేదు.

"దాన్ని అమ్మేసినకాడ్నించి సెవుల్లో ఏటో ఎలితిగా ఉందిరా" అన్నాడు. తర్వాత అత్తయ్యకేసి తిరిగి, "సిమెంటు కొట్టోడికి కబురెట్టు, గుంటడు రాడని" అన్నాడు. బావ ఏడ్చేశాడు. చూస్తున్న నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు బావ పాటలు ఎక్కడెక్కడివాళ్ళో వింటున్నారు. నేను బ్యాంకు నుంచి మాడుగుల బస్సులో ఇంటికి వస్తూ వింటాను. మొన్న పక్కసీటు పెద్దాయన "ఏటి బాబూ, మీలో మీరే నవ్వుకుంటన్నారు?" అంటే ఒక చెవిలోని ఇయర్‌ఫోను తీసి ఆయనకిచ్చాను. కాసేపు విని, "ఆ అరుస్తన్న గుంటడు ఎవరండీ, పాపం?" అన్నాడు.

"గాయకుడండీ" అన్నాను. చెప్పులో నా కాలిన పాదం మూడో దెబ్బ దగ్గర ఆగి, మళ్ళీ తాళం అందుకుంది.