ఎర్రపాముల మేనరికం

జనార్దనరావుకు పాములంటే భయం లేదు. కవిటి కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినవాడికి పాము భయమేమిటి? కుర్రతనంలో ఒక నాగుపాము వచ్చి తన తలపాగాలో చుట్ట చుట్టుకుని పడుకుంటే, దాని నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక పొద్దు వాలేదాకా మెడ కదపలేదని చెప్పేవాడు. వినేవాళ్ళు నమ్మేవాళ్ళు కూడా. అతడికున్నది భయం కాదు, రోత. అదీ ఇంట్లో పెట్టి పెంచే పాములంటేనే.

పలాసలో రంగుచేపలూ పక్షులూ అమ్మే కొడుకు యుగంధర్, అనుమతి కాగితాలతో సహా రెండు ఎర్రపాముల్ని తెచ్చాడు. అమెరికా జాతివి, విషం లేనివి, మొక్కజొన్న పాములంటారట. దుకాణం ఇంటివాడు వాటిని గుమ్మం దాటనివ్వకపోవడంతో కవిటి ఇంట్లో జీడిపిక్కల గదికి వచ్చి చేరాయి. వాటి మేత చచ్చిన ఎలుకపిల్లలు. గడ్డకట్టిన ఎలుకపిల్లల సంచి ఫ్రిజ్‌లో, బారువ చేపల పక్కనే ఉండేది. అది చూసిన నాటి నుంచి జనార్దనరావు ఆ ఫ్రిజ్‌లో నీళ్ళు ముట్టలేదు. కొడుకు పొద్దున్నే పలాస పోతాడు కాబట్టి, ఎలుకపిల్లను వేణ్ణీళ్ళలో మెత్తబరిచి పట్టకారుతో అందించే పని మాత్రం తండ్రికే తగులుకుంది. చేతులు ఎంత తోముకున్నా ఆ కంపు అన్నం ముద్దలోకి వచ్చేది.

"రెండూ ఒక తల్లి పిల్లలే నాన్నా. జత కలిపితే అన్నీ ఎర్రవే పుడతాయి" అన్నాడు యుగంధర్ ఒకరోజు హుషారుగా.

జనార్దనరావు పట్టకారు విసిరికొట్టాడు. "అన్నాసెల్లెళ్ళకి జతేటిరా ఎదవా! పామైతే మాత్రం వావీవరసా ఉండొద్దేటి? నా ఇంట్లో అలాటి పాపిష్టి పని జరగనివ్వను. ఏరే ఇంటిపేరు పాముల్ని తే."

పాములకు ఇంటిపేర్లేమిటని నవ్వినా, కొడుకు తండ్రి మాట తీసెయ్యలేక వేరే ఊరి నుంచి మామూలు రంగువి రెండు తెచ్చాడు. గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టూ నల్లటి అంచు. ఎర్ర అన్నకు ఒకటి, ఎర్ర చెల్లెలికి ఒకటి. సంబంధాలు కుదిరాయి, గుడ్లు పెట్టాయి, పిల్లలు వచ్చాయి. రెండు కాపురాల్లోనూ ఒక్క పిల్లయినా ఎర్రది లేదు. అన్నీ నల్ల అంచువే.

"ఇంత ఎరుపూ ఏ మహేంద్రతనయ ఏటిలో కొట్టుకుపోయిందిరా!" అని జనార్దనరావు ఆ పిల్లల్ని ఊరందరికీ వినబడేలా అసహ్యించుకున్నాడు.

అలా ఉండగా ఒక ఆదివారం మేనకోడలు అశ్విని కోటబొమ్మాళి నుంచి వచ్చింది. చెల్లెలు హేమ కూతురు. టెక్కలిలో పిల్లలకు జంతుశాస్త్రం చెబుతుంది. ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడే యుగంధర్‌కు చేసుకుంటానని జనార్దనరావు చెల్లెలికి మాటిచ్చాడు. ఇక ముహూర్తం పెట్టించమని హేమ కూతురి చేతే కబురు పంపింది. ఆ కబురు అశ్విని నోట్లోంచి బయటికి రావడం లేదు.

అది గమనించని మేనమామ ఆమెను పాముల గదిలోకి తీసుకుపోయి, తన కొత్త ఆలోచన చెప్పాడు. "సూడే, అన్న పిల్లల్ని, సెల్లెలు పిల్లల్ని కలిపేత్తాను. బావా మరదళ్ళు. వరసకి వరసా, మర్యాదకి మర్యాద. ఎర్రవి పుడతాయా, పుట్టవా? సదువుకున్నదానివి, నువ్వు సెప్పు."

"పుడతాయి మావయ్యా. అన్నీ కాదు, కొన్ని."

"అదీ మేనరికమంటే!" అని జనార్దనరావు తొడ చరిచాడు.

అశ్విని నవ్వలేదు. జీడిపప్పుల చేటలోంచి పొట్టు తీసినది ఒకటి, తీయనిది ఒకటి అతడి అరచేతిలో పెట్టింది. "ప్రతి పిల్లకీ తల్లి నుంచి ఒక పప్పు, తండ్రి నుంచి ఒక పప్పు వస్తాది. పొట్టు తీసినది ఎరుపనుకో, తీయనిది నలుపు. ఈ పిల్లల్లో ఎరుపు పోనేదు, ఒకే పప్పులో దాక్కుంది. పక్కనున్న నలుపు దాన్ని కప్పేసింది. బయటోళ్ళని చేసుకుంటే అలాగే దాక్కుని ఉంటాది. అన్న పిల్లకీ చెల్లెలి పిల్లకీ దాక్కున్నది ఒకటే కదా. ఆ రెండూ కలిస్తే బయటపడతాది."

"మంచిదే కదే?"

"ఎరుపైతే మంచిదే. దాక్కున్నది ఏదైనా అంతే, మావయ్యా."

వాకిట్లో కుట్టుమిషను చప్పుడు ఆగింది. అక్కడ రవికెలు కుడుతున్నది జనార్దనరావు కూతురు రోజా. పుట్టు చెవుడు. జనార్దనరావు చేసుకున్న తవిటమ్మ అతడి సొంత మేనమామ కూతురే.

"నా కూతుర్ని పాముతో పోలుత్తావేటి?" అన్నాడు పళ్ళు బిగించి.

"రోజా వదినకి నేనేం వంక పెట్టనేదు. ఎందుకలా అయిందో చెప్పేను."

గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ తవిటమ్మ అంతా విని మొగుడి వైపు తిరిగింది. "రోజా కడుపులో ఉండగా గెరనం పట్టిన పూట నాను వంకాయ కోసీసినాననే కదేటి మీ అమ్మ నన్నన్నాది? నువ్వూ అదే మాటన్నావు. ఇంతకాలం ఆ కత్తిపీట సూసినప్పుడల్లా నా సెయ్యి నరికేసుకోవాలనిపించీది." గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది.

జనార్దనరావు చేతిలోని పప్పులు చెమటకు తడిసిపోయాయి. అన్నాచెల్లెళ్ళైన పాముల్ని జత కలుపుతానంటే ఎంత రోత పడ్డాడో, దానికి పదింతల రోత ఇప్పుడు తన మీద వేసింది. ఎంగిలి పడ్డ మెతుకును చూసినట్టు తన చేతినే చూసుకున్నాడు.

"యుగంధర్‌తో పెళ్ళి నీకిష్టమేటే?" అని చివరికి అడిగాడు.

"ఇష్టం లేదు మావయ్యా. అమ్మకి చెబితే నన్ను చంపేస్తాది."

"నువ్వు సెప్పొద్దు. మాటిచ్చినోణ్ణి నాను."

అక్కడే ఫోను తీసి చెల్లెలికి చేసి, ఈ సంబంధం వద్దన్నాడు. హేమ గొంతు గదంతా వినబడింది. "నా కూతురికేటి తక్కువన్నావన్నియ్యా?"

"ఏటీ తక్కువ నేదు. పిల్లది సెప్పింది కాదు, నానే వొద్దంతన్నాను."

"మాట తప్పినోడివి, ఇంక నా గడప తొక్కకు" అని హేమ పెట్టేసింది.

అశ్విని కళ్ళు తుడుచుకుంది. "మరి బావకెవరు చెబుతారు?"

"ఆడికా? ఎగిరి గంతేత్తాడు."

"అంత రోతేటి నేనంటే?"

"పోవే! నీ సేత పాటాలు సెప్పించుకుని బతకాలంటే ఆడికి భయం."

రోజా లోపలికి వచ్చి ఏమైందని సైగ చేసింది. జనార్దనరావు ఫోను చూపించి, అరచేతిని పడగలా విప్పి ముందుకు విసిరి, మేనత్త బుస ఎలా కొట్టిందో చూపించాడు. రోజా పకపకా నవ్వింది. అతడు మాత్రం నవ్వలేదు. మళ్ళీ హేమకు ఫోను చేశాడు. మోగుతూనే ఉంది.