కిక్ రాడ్డుకు బట్టల క్లిప్పు

మా పక్కింటి విల్ఫ్ ట్రాంటర్ ఆ చలికాలమంతా ఒకే ఇంజిన్‌తో కుస్తీ పట్టాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మా బర్మింగ్‌హామ్‌లోనే తయారైన సింగిల్ సిలిండర్ మోటారుసైకిల్‌ది అది. ఒకసారి బిగిస్తే బేరింగు వంకరగా కూర్చుంది. మళ్ళీ విప్పి బిగిస్తే ఇంజిన్ కేసు అతుకులోంచి నూనె కారింది. పనంతా వంటింట్లోనే. కేసును ఓవెన్‌లో వేడి చేసి, బేరింగును ఫ్రిజ్ ఐసు అరలో ఉంచితే సుత్తి దెబ్బ లేకుండా దిగుతుంది. పద్ధతి మంచిదే. కానీ ఆదివారం మాంసానికి ఇంజినాయిల్ వాసన పట్టింది.

"ఇదే ఆఖరు," అంది అతని భార్య ఎనిడ్. "ఈసారి నడిచిందా, ఉంచుకో. ఆగిందా, అమ్మేసి నా వంటిల్లు నాకిచ్చెయ్."

విల్ఫ్ సరేనన్నాడు. మాటిస్తే తప్పే మనిషి కాదు.

ఆ బళ్ళకొక జబ్బుంది. ఊరికే నిలబెడితే ట్యాంకులోని నూనె మెల్లగా ఇంజిన్ అడుక్కి దిగిపోతుంది. అందుకని విల్ఫ్ బండి ఆపాక మూసెయ్యడానికి నూనె గొట్టానికి చిన్న కుళాయి బిగించాడు. దాన్ని మళ్ళీ తెరవకుండా స్టార్టు చేస్తే నూనె అందక ఇంజిన్ పట్టేస్తుంది.

"కుళాయి మరిచిపోనివాడు ఇంకా పుట్టలేదు విల్ఫ్," అన్నాను గోడ మీంచి.

"నీలాంటోళ్ళు మరుస్తారు. నేను గుర్తు పెట్టుకున్నా, చూడు." కిక్ రాడ్డుకు బట్టలారేసే చెక్క క్లిప్పు తగిలించాడు. క్లిప్పు ఉందంటే కుళాయి మూసి ఉన్నట్టు.

సోమవారం మధ్యాహ్నం పెరట్లో కిక్ కొట్టాడు. ఇంజిన్ అందుకుంది. శబ్దం శుభ్రంగా, నిలకడగా ఉంది. క్రిస్మస్ తర్వాత అతని మొహంలో నవ్వు అప్పుడే చూశాను. కాసేపటికి ఆ శబ్దం బరువెక్కింది. గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. రాడ్డు మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు.

వంగి చూశాడు. కుళాయి మూసే ఉంది.

"క్లిప్పు లేదు," అన్నాడు. "నేను తియ్యలేదు."

"క్లిప్పు సంగతి సరే, కళ్ళున్నాయిగా?" అన్నాను.

"నువ్వు నోర్ముయ్."

టీ తెచ్చిన ఎనిడ్ బట్టల తీగ వైపు చూసింది. ఉతికిన తెల్ల దుప్పటి అంచున నల్లటి నూనె మరక. దాని మీద ఆ క్లిప్పు.

"పొద్దున ఒకటి తక్కువైంది," అంది. "గాలికి దుప్పటి ఎగిరిపోతోంది. నీ బండికి ఊరికే వేలాడుతోందని లాక్కొచ్చా."

విల్ఫ్ చేతిలోని స్పానర్‌ను పెట్టెలోకి గిరాటేశాడు. "అమ్మేస్తాలే. మాటిచ్చానుగా."

"ఇంజిన్ దానంతటది చెడితే అమ్మమన్నా. చెడగొట్టింది నేను." కప్పు గోడ మీద పెట్టింది. "ఆదివారం మాంసం దించాక ఓవెన్ తీసుకో. తర్వాత బట్టల సోడాతో కడుగు. నువ్వే కడుగు."

విల్ఫ్ మొహంలో కోపం అలాగే ఉంది. పెట్టెలోంచి స్పానర్ మళ్ళీ తీశాడు. ముందుగా కుళాయి విప్పి గోడ మీంచి నా పెరట్లోకి విసిరాడు.

"ఒక్క మాటన్నావంటే," అన్నాడు.

నేను వంగి కుళాయి ఏరుకున్నాను.