ఓడలో లోయర్ బెర్త్

నాకు తల తిరగడం మొదలై ఆరేళ్ళు. మంచం మీద పక్కకు ఒత్తిగిలితే చాలు, గది మొత్తం గిర్రున తిరుగుతుంది. చెవి డాక్టరు వర్టిగో అన్నాడు. మా పద్మారావు నగర్ అపార్ట్‌మెంటులో ఎవరూ ఒప్పుకోలేదు. కింది ఫ్లాటు ఆవిడ గ్యాస్ అంది, ఎదురింటావిడ దిష్టి అంది. మా ఆయన ఏ పేరూ పెట్టలేదు. పని తప్పించుకోవడానికి నాకో సాకు దొరికిందని ఆయన నమ్మకం. నలుగురిలో ఆ మాట నవ్వుతూ అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటి మనిషి చెన్నై నుంచి రెండు రోజుల ఓడ ప్రయాణానికి టికెట్లు తీశాడు. నా తల సంగతేమిటని అడిగితే, "రైలు ఎక్కుతలేవా? గిది నీళ్ళ మీది రైలు" అన్నాడు. సికింద్రాబాద్‌లో రిజర్వేషన్ కౌంటరు వెనక కూర్చుని రిటైరైన ఆయనకు లోకంలో కదిలేదల్లా రైలే. ఓడవాళ్ళకు ఫోన్ చేసి, సీనియర్ సిటిజన్లకు లోయర్ బెర్త్ కావాలని పట్టుబట్టాడు. మంచాలన్నీ కిందే ఉంటాయని ఫోనెత్తిన అమ్మాయి ఎంత చెప్పినా, రాసిమ్మన్నాడు.

నేను డాక్టరునడిగి ఓడలో తల తిరగకుండా మాత్రలు తెచ్చుకున్నాను. ఆయనకూ ఒకటివ్వబోతే నవ్వాడు. ఓడ గదిలో అడుగుపెట్టగానే సంచిలోంచి గొలుసు, తాళం తీసి సూట్‌కేసును మంచం కోడుకు కట్టేశాడు. తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు. నడిసముద్రంలో దొంగ దాన్ని ఎత్తుకుని ఏ స్టేషన్లో దిగుతాడో నేను అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అలలు పెరిగి ఓడ ఊగడం మొదలుపెట్టింది. నాకూ తల తిరిగింది. కానీ నాకది ఇంటి సంగతే. ఎదురుగా ఒకచోట చూపు నిలిపి, గోడకు చెయ్యి ఆనించి, చిన్న చిన్న అడుగులేయాలి. వంటింట్లోంచి బాత్రూము దాకా ఆరేళ్ళుగా అలాగే నడుస్తున్నాను. ఆకలి లేదంటూ ఆయన గదిలోనే ఉండిపోతే, నేను డైనింగ్ హాలుకెళ్ళి పెరుగన్నం తిని, ఆయన కోసం ఒక నిమ్మచెక్క అడిగి తెచ్చాను.

తలుపు తీసేసరికి ఆయన నేల మీదున్నాడు, లోయర్ బెర్తు కన్నా కింద. రెండు చేతులా గొలుసు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అబద్ధమెందుకు, నాకు సంతోషమేసింది. కాసేపు నిలబడి చూసి, తర్వాత పక్కన కూర్చున్నాను.

"అంతా గిర్రుమంటున్నది," అన్నాడు. "నీకు సుత గిట్లనే ఉంటదా?"

"ఆరేండ్ల సంది."

ఆయన గొలుసు వదిలి నా చెయ్యి పట్టుకున్నాడు. అరచేయి చల్లగా, చెమటతో ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మరి నాకు ఒక్కసారన్న చెప్పకపోతివేందే?" అన్నాడు.

నిమ్మచెక్క మొత్తం ఆయన నోట్లో పెట్టేశాను.