ఎదురుమాట వంతు

పోయిన నెల మా మేనకోడలు నన్ను బాపట్లలో ఒక కల్యాణమండపానికి లాక్కుపోయింది. పెళ్ళి కాదు, ప్రసంగాలు. మనసు, సంస్కృతి, విజ్ఞానం, వస్తువుల రూపకల్పన, అన్నిటి మీదా ఒకే పూట ఒకరి తర్వాత ఒకరు మాట్లాడి మన ఆలోచనల్ని మార్చేస్తారట. వేదిక మీద గుండ్రటి తివాచీ, వెలుగంతా దాని మీదే, మేమంతా చీకట్లో. నా మొదటి అనుమానం అక్కడే మొదలైంది. వినేవాళ్ళ మొహాలు కనపడకుండా మాట్లాడదలచుకున్న మనిషికి వినేవాళ్ళతో పనేంటి? చెంప పక్కన మైకు పెట్టుకున్న ఒకాయన, ఒక్కో వాక్యం చెప్పి ఆగి, మేం చప్పట్లు కొట్టేదాకా నవ్వుతూ నిలబడుతున్నాడు. మనసు గట్టిగా అనుకుంటే కానిదేదీ లేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం మెడలో బిళ్ళ వేసుకుని తిరుగుతున్న ఒక అమ్మాయిని పిలిచి, ప్రశ్నలు ఎప్పుడని అడిగాను.

"ప్రశ్నలుండవాంటీ, ఫొటోలున్నాయి" అంది.

నా స్వభావానికి అక్కడ కోపం రావాలి. రాలేదు. దానికి బదులు తెనాలిలో ఒక మేడమీది హాలు గుర్తొచ్చింది, దానితో పాటు మా మేనత్త గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్ళకి ఇలాంటి హాళ్ళు తెలిసే ఉంటాయి. కింద గ్రంథాలయం, పైకి వెళ్ళడానికి అడుగేస్తే మూలిగే చెక్క మెట్లు, పైన పొడుగాటి బెంచీలు, ముందు వరసలు మగవాళ్ళవి, కిటికీ వైపు వెనక బెంచీలు ఆడవాళ్ళవి. నెలకో ఆదివారం సాయంత్రం అక్కడ ఉపన్యాసం ఉండేది. ఆ రోజుల్లో ఊరంతా జ్ఞానం కోసం అల్లాడిపోయేదని కొందరు ఇప్పుడు రాస్తుంటారు, నేను నమ్మను. హాలు ఆస్పత్రి వీధిలో ఉండటం వల్ల అక్కడ కరెంటు పోయేది కాదు, ఫ్యాన్లు తిరిగేవి, సగం మంది అందుకే వచ్చేవాళ్ళని నా నమ్మకం. ఎందుకు వచ్చినా వచ్చేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, వినేవాళ్ళు. ఆ సభకి అధ్యక్షుడు మా పెదనాన్న. బాపట్ల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, ఎవరేం చెప్పినా మొదట తల అడ్డంగా ఊపి ఆ తర్వాత ఆలోచించే రకం. నోరు నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చిందని మా అమ్మ ఫిర్యాదు.

ఆ సభలో ఇంకెక్కడా నేను చూడని ఆచారం ఒకటుండేది. దాన్ని ఎదురుమాట అనేవాళ్ళు. ఉపన్యాసం అయిపోయాక వక్త వేదిక దిగి ముందు బెంచీలో కూర్చోవాలి, వినేవాళ్ళలోంచి ఒకరు వేదికెక్కి ఆయన చెప్పినదానికి విరుద్ధంగా మాట్లాడాలి. ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే, ఎదిరించి తీరాలి. ఎవరి వంతో ముందు నెలలోనే చెప్పేవాళ్ళు. ఎదురుమాటకి జవాబు చెప్పకుండా వక్తకి కాఫీ కూడా ఇచ్చేవాళ్ళు కాదు. ఒకసారి ఎవరో కుర్చీల రూపకల్పన గురించి, కూర్చునే తీరు మనిషి ఆలోచనని ఎలా దిద్దుతుందో అద్భుతంగా చెప్పారు. ఎదురుమాట వంతు వచ్చిన మందుల షాపాయన, నేలమీద కూర్చునే జాతికి కుర్చీయే ఒక రోగమని హాలు దద్దరిల్లేలా వాదించి, ఇంటికి పోయి పడక్కుర్చీలో వాలిపోయాడు. అది చూసి అందరం నవ్వుకున్నాం. అందులో నవ్వాల్సిందేంటో, భయపడాల్సిందేంటో అప్పటికి నాకు తెలియదు.

నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, రోజూ ప్యాసింజర్లో బాపట్ల వెళ్ళొచ్చే కాలంలో, ఎదురుమాట వంతు నాకిచ్చారు. ఒక ఆడపిల్ల ఆ వేదిక ఎక్కడం అదే మొదలు. పెదనాన్న మొహం వెలిగిపోయింది గాని పైకి మాత్రం, "నోరు పారేసుకోవటం కాదే, వాదించాలి" అన్నాడు. రాబోయే వక్త హైదరాబాదు నుంచి వచ్చే పెద్దమనిషి, విషయం మనోశక్తి. నేను నాలుగు ముక్కలు బట్టీపట్టి, అద్దం ముందు చేతులూపుకుంటూ తయారయ్యాను.

ఆ ఆదివారం రేపల్లె నుంచి మా మేనత్తా మామయ్యా కూడా వచ్చారు. అత్త గురించి ఇక్కడ చెప్పాలి. పెదనాన్నకీ మా నాన్నకీ ఒక్కగానొక్క చెల్లెలు. అంతకు ముందు చాలాకాలం ఆవిడ మాట్లాడటం మానేసింది, నిద్ర మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది, వంటింటి గోడవైపు చూస్తూ పొద్దుగుంకేదాకా కూర్చునేది. ఒకసారి నూతి గట్టు మీద కూర్చుని ఉంటే పక్కింటావిడ చూసి పట్టుకొచ్చింది. ఆ తర్వాతే గుంటూరులో డాక్టరుకి చూపించారు, మాత్రలు మొదలయ్యాయి, మెల్లమెల్లగా అత్త మళ్ళీ మనిషైంది. మొదట తల దువ్వుకుంది, ఆ తర్వాత పులుసు పెట్టింది, ఒకరోజు మామయ్యతో ఉప్పు గురించి పోట్లాడింది, ఆ పోట్లాట సంగతి విని మా నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మామయ్య చెడ్డవాడు కాదు. రేపల్లె బజారులో బట్టల కొట్టు, నలుగురూ వచ్చిపోయే చోటు. ఆ నలుగురూ పిచ్చి మందులంటుంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది. ఎవరైనా పెద్దమనిషి అవి అక్కర్లేదంటే బాగుండునని ఎదురు చూస్తున్నాడు.

ఆ పెద్దమనిషి వచ్చాడు. తెల్లటి జుట్టు, తేనెలాంటి గొంతు. ఇంత తీయగా ఉన్న గొంతు అబద్ధం ఎందుకు చెబుతుందిలే అని జనం అనుకుంటారు, నేను సరిగ్గా దానికి తలకిందులుగా అనుకుంటాను. మనసుకి మందు మనసేనన్నాడు. మాత్ర మింగి నిద్రపోయేవాళ్ళు తమ ఇంటి తాళం పరాయివాడి చేతిలో పెట్టినట్టేనన్నాడు. ఇవాళే వాటిని వదిలేయండి, రేపు మీ ఇంట్లో మీరుంటారన్నాడు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో మామయ్య వెనక్కి తిరిగి, కిటికీ పక్కన కూర్చున్న అత్తవైపు చూశాడు. ఆ చూపులో ప్రేమ ఉంది, ఊరట ఉంది, నిర్ణయం కూడా అయిపోయింది. అత్త పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ తలదించుకుంది.

నేను బట్టీపట్టిన ముక్కలన్నీ ఎగిరిపోయాయి. వేదికెక్కాను. అత్త పేరెత్తడానికి లేదు, నూతి గట్టు సంగతి ఎత్తడానికి అసలే లేదు, అది ఇంటి పరువు, ఆవిడ పరువు. అందుకని మనోశక్తిని తిట్టాను, వక్తని తిట్టాను. కాలు విరిగినవాడికి నడక మీద నమ్మకం పెంచుకోమని చెబుతారా అని అడిగాను. మాత్రలు మానేసినవాళ్ళ ఇళ్ళకి మీరు మళ్ళీ వెళ్ళి చూశారా, ఎంతమందిని చూశారు, వాళ్ళెలా ఉన్నారు, చెప్పండి అని నిలదీశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా జీవితంలో అంత నిజంగా నేను మళ్ళీ మాట్లాడలేదు.

చప్పట్లే చప్పట్లు. వక్తకి పడినవాటికంటే ఎక్కువ పడ్డాయి. మందుల షాపాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. వక్త చిరునవ్వు నవ్వి, ఇంత చక్కటి ఎదురుమాట తనకి ఏ ఊళ్ళోనూ ఎదురవలేదని మెచ్చుకుని, నా ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు చెప్పకుండా కాఫీ తాగాడు. ఆ రోజు ఆ సంగతి పట్టించుకున్నవాళ్ళు లేరు. మామయ్య వచ్చి నా తలమీద చెయ్యివేసి, "ఏమ్మా కోడలా, భలే మాట్లాడావే! ఆ కన్నీళ్ళు ఎలా తెప్పించుకున్నావు?" అన్నాడు.

వీళ్ళ దృష్టిలో నేను వంతు తీర్చుకున్నాను, అంతే. ఎదిరించడం అక్కడ ఎంత మామూలైపోయిందంటే, నిజంగా ఎదిరించిన మనిషిని గుర్తుపట్టే శక్తి ఆ హాల్లో ఎవరికీ మిగల్లేదు. ఇంటికొచ్చాక పెదనాన్నని పెరట్లోకి పిలిచి, మామయ్య మాత్రలు మాన్పించబోతున్నాడు, మీరు చెప్పండి అని బతిమాలాను. ఎంతటి పండితుణ్ణయినా నిలబెట్టి ప్రశ్నలడిగే మనిషి, చెప్పులవైపు చూసుకుంటూ, "బావగారికి మనమెలా చెప్తామే? ఆయన భార్య, ఆయన ఇష్టం" అన్నాడు. ఆ మాటకి నేను ఆయన్ని ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

మర్నాడు పొద్దున మామయ్య చీరాల నుంచి వచ్చే చీరల కోసం తెనాలిలో ఆగిపోయి, అత్తని రేపల్లెలో దింపి రమ్మని నన్ను పంపాడు. రైల్లో అత్త కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వేమూరు దాటాక, పొలాలకి నీళ్ళు పెట్టిన కాలువ పక్కన బండి నెమ్మదించినప్పుడు, ఆవిడ నావైపు తిరిగి నా గడ్డం పట్టుకుంది.

"ఏమే, నిన్న అన్న మాటలు వంతుకన్నావా, నిజంగా అన్నావా?"

"నిజంగానే అత్తా."

"నా గురించేనా?"

తల ఊపాను. ఆవిడ చాలాసేపు నా మొహంలోకి చూసింది. డాక్టరు కూడా అలా చూసి ఉండడు. తర్వాత మళ్ళీ కిటికీవైపు తిరిగి, "మాత్రలు మానకూడదనే నాకూ అనిపించింది, ఆయనకి ఇంతమంది చప్పట్లు కొడుతున్నారు గదా, నాదే పొరపాటేమో అనుకున్నా" అంది.

సాయంత్రం బండికి మామయ్య దిగాడు. భోజనానికి కూర్చోగానే, అత్త ఆయన విస్తట్లో అన్నం వడ్డించి, ఆయన ఎదురుగానే మాత్ర నోట్లో వేసుకుని మంచినీళ్ళు తాగింది. ఆయన ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏంటది? నిన్న ఆయన చెప్పింది వినలేదూ?"

"విన్నానండి. ఎదురుమాట కూడా విన్నాను. దానికి మీరూ చప్పట్లు కొట్టారుగా?"

మామయ్య నావైపు చూశాడు, అత్తవైపు చూశాడు. ఏదో అనబోయి, "పప్పు వెయ్యి" అన్నాడు. ఆ మాత్రల సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొన్నేళ్ళ తర్వాత డాక్టరే తగ్గించాడు, పూర్తిగా మాత్రం మాన్పించలేదు. అత్త ముసలిదై, మనవరాళ్ళని చూసి, వాళ్ళతోనూ ఉప్పు గురించి పోట్లాడి, నిరుడు మామూలు ముసలితనంతో పోయింది.

ఆ హాలు ఇప్పుడు కోచింగ్ సెంటరు. పెదనాన్న లేడు, ఎదురుమాట లేదు. అది పోయినందుకు నేను ఏడవాలా అన్నది నాకు తేలదు. ఎదిరించడాన్ని ఆటగా మార్చిన చోటది, అలాగని ఆ ఆట లేకపోతే నా మాట అత్త చెవిన పడే దారీ లేదు. ఆ తర్వాత నేను ఎన్ని వేదికలెక్కానో, ఎన్ని చోట్ల గొంతు చించుకున్నానో, బాగా మాట్లాడావని చెప్పినవాళ్ళకి లెక్కలేదు. వాళ్ళని నేను నమ్మను, ఇప్పుడు మరీ నమ్మను. చప్పట్లన్నీ అయ్యాక, ఒక్క మనిషి పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని, నా మొహంలోకి చూసి తేల్చుకుంది. ఆ తేల్చుకోవడం మీదే ఆవిడ బతుకు నిలబడింది. ఈ రోజుల్లో నాతో వాదించేవాళ్ళు తగ్గారనే బెంగ అంతగా లేదు నాకు. నేను నిజంగా అన్నానో, వంతుకి అన్నానో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది, అదీ నా బెంగ.