నాలుగో రీలులో కారు

కారును అందరూ ముందు నుంచి చూస్తారు. టాపు పెద్దమ్మ వెనక నుంచి చూసేది. కార్ల సీట్లు, గుడ్డ టాపులు కుట్టి నలభై ఏళ్లు బతికిన మనిషి ఆవిడ. పెళ్లయి వచ్చిన కొత్తలో మామగారు చేతికి దబ్బనమిచ్చి, "కోడలా, బండి నడిపేవాడి సంగతి మెకానిక్కు చూసుకుంటాడు. వెనక ఎండలో కూర్చునేవాడి సంగతి మనం చూసుకోవాలి" అన్నారట. భర్త పోయాక కొట్టు ఒంటి చేత్తో నడిపింది. మడత టాపుల బండ్లు రోడ్ల మీద కనబడటం ఎప్పుడో మానేశాయి. పాత కార్లు ముచ్చటగా దాచుకునే ఇద్దరు ముగ్గురు ఆసాముల పుణ్యమా అని ఆవిడ వేళ్లు మాత్రం వాటిని మరిచిపోలేదు.

పాత ఫిల్ములు దాచే గిడ్డంగి ఆవిడ కొట్టుకు రెండు వీధుల అవతల ఉంది. అక్కడున్న మూకీ సినిమాల్లో చాలావాటికి పేరూ తెలియదు, సంవత్సరమూ తెలియదు. బొమ్మలో కనిపించే కారు ఏ ఏటిదో తేలితే, ఆ సినిమా అంతకు ముందుది కాదని ఒక ఆధారం దొరుకుతుంది. అందుకని గిడ్డంగి చూసుకునే రీళ్ల మాస్టారు ప్రతి గురువారం ఆవిడనూ, ఆవిడ మరిదినీ పిలిపించేవాడు. మరిది మెకానిక్కు. చక్రాలు, దీపాలు, రేడియేటరు అతని వంతు. గుడ్డ, తోలు, తలుపులు ఆవిడ వంతు. ఇద్దరూ సంతకం పెడితేనే కారు వివరం కార్డు మీదికి ఎక్కుతుంది.

ఆ రోజు గురువారం కాదు. పొద్దున తొమ్మిదింటికే మాస్టారు చెప్పుల్లో కాళ్లు సరిగా దూర్చకుండా కొట్టుకు వచ్చాడు.

"పెద్దమ్మా, కొట్టు మూసెయ్, మీ మరిదికీ కబురు పంపాను. తనిఖీ ఆఫీసరు వచ్చాడు. పన్నెండింటికి బండి వస్తుందట, చెడిపోయిన రీళ్లన్నీ తీసుకెళ్లి తగలబెట్టేస్తారట."

"చెడిపోయినవి ఉంచి ఏం చేస్తావు నాయనా?"

"అందులో నా నాలుగో రీలుంది."

ఆ మాటతో ఆవిడ లేచింది. మాస్టారి నాలుగో రీలు సంగతి వీధి వీధంతటికీ తెలుసు. పదకొండేళ్ల కిందట ఒక మూకీ సినిమా మూడు రీళ్లు దొరికాయి. మూడో రీలు చివర ఒక అమ్మాయి, మేనమామ బలవంతం మీద, ముసుగేసుకుని కారెక్కుతుంది. తనకు ఇష్టంలేని పెళ్లికొడుకు ఇంటికి ప్రయాణం. కారు కదులుతుంది. అక్కడితో సరి. ఆ అమ్మాయి ఏమైందో చెప్పే రీలు ఎక్కడా లేదు. మాస్టారి పెళ్లాం కూడా, "ఇంట్లో మేమేమయ్యామో అడగరు గానీ, ఆ కారెక్కిన పిల్ల ఏమైందోనని బెంగ" అని దెప్పేది. పోయిన నెల ఎవరో అటక సర్దుతుంటే పేరులేని డబ్బా ఒకటి బయటపడింది. అందులో ఒక కారు, వెనక సీట్లో ముసుగు మనిషి. మొహాలు కనబడవు.

దారిలో మాస్టారు గొంతు తగ్గించాడు. "తెలిసిన సినిమాలో ముక్కేనని ఆధారముంటే గట్టిగా ఉన్నంత మేర ఉంచుకోవచ్చట. మూడు రీళ్లలో ఉన్న కారే ఇందులోనూ ఉందని మీరిద్దరూ రాసిస్తే ఆఫీసరు ఆగుతాడు. ఒక్క మాట పెద్దమ్మా. అదే కారు అను."

"చూస్తాను."

"చూడు. కానీ..."

"చూసి కాదనిపిస్తే కాదంటాను మాస్టారూ. నా చేత అబద్ధం రాయించి నువ్వు సుఖంగా నిద్రపోలేవు. నిన్ను ఎరగనా."

మాస్టారు ఆవిడ మోకాళ్ల నొప్పి గుర్తొచ్చి, గిడ్డంగి మెట్ల దగ్గర చెయ్యి అందించాడు.

ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. రెండు నెలల కిందట ఇంకో గిడ్డంగిలో ఇలాంటి రీలే దానంతటది అంటుకుని ఒక మనిషి చేతులు కాలాయి. ఆ మనిషిని ఆస్పత్రికి మోసినవాళ్లలో ఇతనూ ఉన్నాడు. పెద్దమ్మను చూడగానే కుర్చీ మీది దుమ్ము తన రుమాలుతో తుడిచాడు. "కూర్చోండమ్మా. నాకు మాత్రం సరదానా. ఒక్కటే చెబుతున్నాను, పన్నెండు తర్వాత ఇది ఈ గదిలో ఉండదు."

డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. రీలు పై చుట్లు గట్టిగానే ఉన్నాయి. లోపలికి వెళ్లేకొద్దీ చుట్టుకు చుట్టు అతుక్కుపోయి, నడుమ తేనె రంగు బంక కారుతోంది. అడుగున దీపమున్న గాజు బల్ల మీద మాస్టారు చేత్తో ఒక్కో అడుగే లాగుతుంటే, పెద్దమ్మా మరిదీ భూతద్దాలు పట్టుకుని వంగారు. లాగినప్పుడల్లా బొమ్మ అంచులు పొరలుగా రాలుతున్నాయి. మళ్లీ చుట్టి రెండోసారి లాగుదామంటే కుదరదు.

కారు ఎదురుగా దుమ్ము రేపుకుంటూ వస్తోంది. మరిది అద్దం దించేశాడు.

"ఇది కాదు వదినా."

"అప్పుడే తేల్చావా?"

"ఆ మూడు రీళ్లలో చెక్క పుల్లల చక్రాలు. ఇవి తీగ చక్రాలు. దీపాలు చూడు, గుమ్మడికాయలంత ఉన్నాయి. అది నల్ల బండి, ఇది తెల్లది. గుడ్డివాడిక్కూడా తెలుస్తుంది."

"అందుకేగా ముందు నిన్నడిగింది."

ఆఫీసరు నవ్వాపుకున్నాడు. మాస్టారు నవ్వలేదు. లాగే చెయ్యి ఆగిపోయింది.

"లాగు నాయనా, ఆపకు" అంది పెద్దమ్మ. "బండి మలుపు తిరగాలి. వీపు చూడందే నేను మాట్లాడను."

గట్టిగా ఉన్న భాగం ఇంకో మూడడుగులు కూడా లేదు. కారు దగ్గరకొచ్చింది, బొమ్మ నిండా అయింది, పక్కకు తిరిగింది. మాస్టారు వేళ్ల కింద ఫిల్ము జిగటగా సాగింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఆ ప్రార్థనలో కారు ఒకటే కావాలని అడిగి ఉండదు, ఉన్నదున్నట్టు చూపించమని అడిగి ఉంటుంది. కారు దాటింది. వెనక టాపూ, టాపులో చిన్న గాజు కిటికీ కనిపించాయి. గట్టిగా లెక్కపెడితే పది బొమ్మలు. ఆపైన బంక.

ఆవిడ చాలాసేపు వంగే ఉంది. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

"రెండో రీలు, మూడో రీలు కాపీలు వేసి చూపించు మాస్టారూ. కారు వీపు కనబడ్డ చోట ఆపు."

పక్క గదిలోని చిన్న తెర మీద మాస్టారు ఆపి చూపించాడు. రెండో రీలులో కిటికీ కింది మూల గుడ్డ చిరిగి నాలుకలా వేలాడుతోంది. మూడో రీలులో ఆ చిరుగు మీద అరచందమామలా ఒక అతుకు. నల్ల గుడ్డ మీద దారం తెల్లగా కనిపిస్తోంది.

"ఇందులోనూ ఆ అతుకే ఉంది" అంది పెద్దమ్మ, గాజు బల్ల దగ్గరకు తిరిగొచ్చి. "అదే మూల, అదే ఆకారం. కుట్లు లెక్కపెట్టాను, పద్నాలుగు. కుట్టినవాడిది ఎడమచేతి వాటం, కుట్లన్నీ అటు వాలాయి. మరిదిగారూ, కారు ఒకటే. చక్రాలూ దీపాలూ మార్చి, ఒళ్లంతా తెల్ల రంగు పూశారు. సినిమా కంపెనీకి ఉన్నది ఒక్క బండి అయ్యుంటుంది. మేనమామ బండి, దారిలో పిల్లను ఎక్కించుకునే పెళ్లికొడుకు బండి, రెండూ దాంతోనే కానిచ్చారు కాబోలు."

మరిది అద్దం లాక్కుని చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, చెవి వెనక గోక్కున్నాడు. "రంగు పూసినవాడు టాపు మార్చడం మరిచాడన్నమాట."

"టాపు మార్చాలంటే మా మామగారిలాంటి వాడికి నాలుగు రోజుల పని. ఎవడు చేస్తాడు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఆఫీసరు మాత్రం కాగితం మీద కలం పెట్టలేదు.

"అమ్మా, మీ కన్ను గొప్పదే. నేనొకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. కారు ఒకటే అయితే సినిమా ఒకటే అవుతుందా? ఆ కంపెనీ అదే బండితో పై ఏడు ఇంకో సినిమా తీసి ఉండొచ్చుగా."

మాస్టారు పెద్దమ్మ వంక చూసిన చూపు అతని పెళ్లాం చూసి ఉంటే మరి ఎన్నడూ దెప్పి ఉండేది కాదు. ఆవిడ ఆ చూపుకు జవాబుగా తల వంచుకుని, మళ్లీ ఆ పది బొమ్మల మీదికి వెళ్లింది.

"తీసి ఉండొచ్చు బాబూ" అంది అద్దం దించి. "అబద్ధమెందుకు, ఇదే సినిమా అని నేను ప్రమాణం చెయ్యలేను. దారం సంగతి చెబుతాను. టాపు మీద కొత్త దారం ఆ దుమ్ములో నెల తిరక్కుండా గుడ్డ రంగులో కలిసిపోతుంది. మూడో రీలులో దారం తెల్లగా ఉంది. ఇందులోనూ అంతే తెల్లగా ఉంది. మధ్యలో నాలుగు వారాలు గడవలేదు. ఆ నెల్లోనే వాళ్లు రెండో సినిమా మొదలెట్టి, అందులోనూ ముసుగేసిన పిల్లను వెనక కూర్చోబెట్టారంటే, నేనేం చెప్పలేను."

"ఇలాగే రాసిస్తారా?"

"అదే కారు, అదే నెల. అంతవరకే రాస్తాను."

ఆఫీసరు ఆ రెండు ముక్కలూ ఆవిడ చెప్పినట్టే రాశాడు, ఒక్క మాటా పెంచలేదు. ఆవిడ సంతకం పెట్టింది. మరిది పెడుతూ, "మొదట కాదన్నానని కూడా రాయమంటారా" అని అడిగాడు. ఆఫీసరు, "అదీ రాస్తేనే దీనికి బలం" అని నిజంగానే రాయించాడు. తర్వాత తన నిబంధనల పుస్తకం తీసి రెండుసార్లు చదివాడు.

"గట్టిగా ఉన్న భాగం చల్లటి గదిలో పెట్టుకోండి, కాపీ తీయించుకోండి. అతుక్కుపోయింది మాత్రం ఈ గిడ్డంగిలో ఉంచడం నా చేతుల్లో లేదు. పన్నెండులోపు ఎంత విడదీస్తే అంత మీది."

గడియారం పదకొండుంబావు. గట్టి భాగమంతా కలిపితే తెర మీద అర నిమిషం కూడా రాదు. అంటే ఒక కారు వచ్చి వెళ్లిపోవడం. మాస్టారు చుట్టు అంచు పట్టుకోబోయాడు. తొందరలో గోరుతో లేపబోయాడు.

"నువ్వు తప్పుకో నాయనా. మరిదీ, కొట్లో తోలు మడత నొక్కే కొమ్ము పలక ఉంది, పరిగెత్తు. ఇనుము తగలనివ్వకూడదు దీనికి."

యాభై దాటిన మరిది నిజంగానే పరిగెత్తాడు. పలక వచ్చేసరికి ఆఫీసరు ఇసుక బాల్చీ తెచ్చి ఆవిడ కుర్చీ పక్కన పెట్టాడు. తడి దుప్పటి రెండు చేతుల మీదా పరుచుకుని వెనకే నిలబడ్డాడు. "మీరు పని చూసుకోండమ్మా, మిమ్మల్ని నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆవిడ పలక అంచును చుట్టుకూ చుట్టుకూ మధ్య పెట్టి, పాత సీటు మీది తోలు ఊడదీసినట్టు, ఊపిరి బిగబట్టి జరిపింది. మొదటి చుట్టు విడిపోయింది. రెండోది సగంలో చిరిగింది. మూడో దాని మీద బొమ్మంతా బంకలో కలిసిపోయి ఖాళీ ఫిల్ము మిగిలింది. ఆఫీసరు రెండు నిమిషాలకోసారి వంగి, రీలుకు చెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి, "వేడి లేదు, కానివ్వండి" అనేవాడు. నాలుగో చుట్టు కొంత వచ్చింది. ఐదు, ఆరు దక్కలేదు. ఆవిడ నుదుటి చెమట ఫిల్ము మీద పడకుండా మరిది తన భుజం మీది తువ్వాలుతో అద్దుతూ ఉన్నాడు. వదినను ఆటపట్టించడం మరిచిపోయాడు.

బయట బండి హారను మోగింది.

"ఇంకొక్క చుట్టు" అంది ఆవిడ, తలెత్తకుండా.

ఆఫీసరు గడియారం చూశాడు. బండివాణ్ని ఆగమని కిటికీలోంచి చేత్తో సైగ చేశాడు. ఏడో చుట్టు జానెడు విడిపోయింది, తర్వాత ఇంకో బెత్తెడు. ఆపైన పలక దిగలేదు. ఆవిడ పలక పక్కన పెట్టి వేళ్లు దులుపుకుంది. "ఇక దక్కదు బాబూ. తీసుకెళ్లండి."

విడిపోయిన ఆ ముక్కను మాస్టారు దీపం మీద పరిచాడు. పదిహేడు బొమ్మలు. కారు ఆగి ఉంది. తలుపు సగం తెరుచుకుంది. ఫుట్‌బోర్డు మీద ఒక ఆడమనిషి పాదం, పైన చీర అంచు. అంతే, మనిషి కనబడదు.

"పెళ్లికొడుకు ఇల్లు వచ్చేసింది కాబోలు" అన్నాడు మరిది.

పెద్దమ్మ అద్దం పెట్టి చూసింది. "వెనక చూడు. ఇల్లేదీ, గోడేదీ? ఒట్టి రోడ్డు. నడిరోడ్డు మీద దిగుతోంది."

"ఎక్కుతోందేమో" అన్నాడు మాస్టారు. అడగడానికే భయపడుతున్నట్టు అడిగాడు.

"ఎక్కేవాళ్లు తలుపు కమ్మి పట్టుకుని కాలి ముందు భాగం మోపుతారు, మడమ లేచి ఉంటుంది. ఈ పిల్ల మడమ ఫుట్‌బోర్డుకు ఆని ఉంది, వేళ్లు రోడ్డు వైపు ఉన్నాయి. ఎన్ని ఫుట్‌బోర్డులకు రబ్బరు పట్టాలు వేశాను నాయనా, ఎక్కేవాళ్లు అరగదీసే చోటు వేరు, దిగేవాళ్లు అరగదీసే చోటు వేరు. ఇది దిగడమే. దీనికి కావాలంటే సంతకం పెడతాను."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. మిగిలిన రీలున్న డబ్బాను తడి దుప్పటిలో చుట్టి పట్టుకుని గుమ్మం దాకా వెళ్లిన ఆఫీసరు అక్కడ ఆగాడు.

"అయితే దిగిపోయిందంటారు" అన్నాడు, ఎవరితోనూ కాకుండా, మెట్లు దిగుతూ.